లాగే బండికి ఎత్తే పని

దుగ్గిరాల దగ్గర పసుపూ వరీ వేసే రైతు ఒకరు. తెనాలిలో జుట్టు నెరిసేదాకా ట్రాక్టర్లు విప్పి బిగించిన మేస్త్రి మరొకరు. రైతు దగ్గర పాత మాసీ ఫెర్గూసన్ 1035 ఉంది. ఇటుక బట్టీ ఒకటి మూతపడింది. అక్కడ వేరే కంపెనీ ట్రాక్టరుకి తగిలించిన ఫ్రంట్ లోడరు, అంటే ముందు చేతులూ బకెట్టూ, అమ్మకానికి వచ్చింది. దాన్ని కొంటాను, నా బండికి బిగించమంటాడు రైతు. వద్దంటాడు మేస్త్రి. కొత్త ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టరు కొనే తాహతు లేని ఇళ్లలో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. వాదన ఇనుము గురించే అయినా తేలాల్సింది మనుషుల నడుములూ ప్రాణాల సంగతి. అందుకే ఇద్దరి మాటలూ పూర్తిగా పెడుతున్నాను, అవసరమైన చోట నా మాట కలుపుతూ.

రైతు: బాబాయ్, ముందు నా అవసరం విను. నీ లెక్కలు తర్వాత. పన్నెండు గేదెలున్నాయి. ఒక్కోటి రోజుకి పదిహేను కిలోల పేడకి తక్కువ వెయ్యదు. పసుపుకి ఎకరానికి పది టన్నుల మాగిన ఎరువు తోలమంటారు. ట్రక్కుకి రెండున్నర టన్నులు పట్టినా ఎకరానికి నాలుగు ట్రక్కులు. ఆ దిబ్బని పారతో తవ్వి, గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని, బల్లచెక్క మీద నడిచి ట్రక్కులో పోసేది ఎవరు? మా అమ్మ మెడ ఆ గంపల కిందే వంగింది. ఇప్పుడు మా ఆవిడ వంతు. కూలీకి పిలిస్తే మిరపకాయ కోతకైనా వస్తాం గానీ పెంట ఎత్తటానికి రామంటున్నారు. వాళ్లనేం అనగలను?

మేస్త్రి: వాళ్లన్నదీ సబబే. జేసీబీని పిలు. గంటకి ఇంతని ఇచ్చి పడేస్తే ఒక పూటలో దిబ్బ ఖాళీ.

రైతు: ఎరువు తోలే పదును ఊరందరికీ ఒకటే. ఆ వారంలో జేసీబీ దొరకదు. దొరికినా గంట పనికోసం రాడు. వచ్చినా మా దొడ్డి సందులో పట్టదు. కిందటేడు వచ్చినవాడు గోడ మూల పడగొట్టి, ఎరువుతోపాటు కింద జానెడు మట్టి కూడా గీరి ట్రక్కులో పోశాడు. పైగా పేడ పని రోజూ ఉండేది. పాకలో తీసి దిబ్బకి చేర్చటం, గడ్డి మోపులు జరపటం, పందిట్లోకి దాణా బస్తాలు తేవటం. దానికి రోజూ జేసీబీని పిలుస్తానా? నా మాసీ ఏడాదిలో సగం రోజులు చెట్టు కిందే ఉంటది. దానికి చేతులు పెడితే తప్పేంది?

మేస్త్రి: చేతులు పెట్టటం పెద్ద పని కాదు. నాలుగు ఛానెళ్లు, ఇరవై బోల్టులు, రెండ్రోజుల వెల్డింగు. ఆ బండి దేనికి పుట్టిందో అది చూడు ముందు. నీ 1035ని చెన్నైలో టాఫే వాళ్లు చేశారు. మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజను, 35 హార్స్‌పవర్ పైమాట, మొత్తం బరువు 1700 కిలోల దరిదాపు. దాని మూలం 1950ల నాటి ఫెర్గూసన్ 35. హ్యారీ ఫెర్గూసన్ అనే ఐర్లండు మనిషి కనిపెట్టింది ఏందంటే, నాగలి నేలలో పడే గుంజుడుని వెనక చక్రాల మీదికి బరువుగా మళ్లించటం. బండి తేలిగ్గానే ఉంటది, పనిలోకి దిగేకొద్దీ వెనక బరువెక్కి పట్టు దొరుకుద్ది. అందుకే ముందు చక్రాలు అంత చిన్నవి. వాటి పని దారి చూపించటం, అంతే. నువ్వు ముందు బకెట్టు పెట్టావంటే ఆయన చేసినదంతా తిరగబడ్డట్టు. బరువు ముందుకొచ్చిద్ది, వెనక తేలిపోయిద్ది.

రైతు: పాతరోజుల్లో దమ్ము చక్రాలేసినప్పుడూ ఇట్లాగే అన్నారంట. బండి చచ్చిపోయిద్దన్నారు. ఇవాళ దమ్ము చక్రాలు లేని ట్రాక్టరు మన డెల్టాలో ఉందా?

మేస్త్రి: లేదు. బురదలో దిగి విరిగిన యాక్సిల్ షాఫ్టులూ, నీళ్లు పోయి తుప్పట్టిన బేరింగులూ మార్చే కదా నా ముగ్గురు పిల్లల్నీ చదివించుకున్నది. బండి చచ్చిపోదబ్బాయ్. ఖర్చు ఎక్కడ పడిద్దో తెలుసుకుని దిగాలంటున్నా.

రైతు: సరే, ఎక్కడ పడిద్దో చెప్పు.

మేస్త్రి: లెక్క తేలిగ్గా ఉండాలని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య రెండు మీటర్లు అనుకుందాం. నీ బండికి ఇంకాస్త తక్కువే. బకెట్టులో బరువు ముందు ఇరుసుకి మీటరున్నర అవతల వేలాడుద్ది. బకెట్టులో 400 కిలోలు పెట్టావనుకో. ముందు ఇరుసు మీద పడేది 400 కాదు, 700. ఆ ఎక్కువ 300 ఎక్కణ్ణుంచొచ్చింది? వెనక చక్రాల మీద నుంచి పైకి లేచింది. ఉత్త బండికి ముందు ఇరుసు మీద 650, 700 కిలోలుంటాయి. లోడరు ఇనుము బరువే ఇంకో 400. అన్నీ కలిపితే ఆ ఇరుసు రోజూ మోసేదానికి రెండున్నర రెట్లు. అదీ బండి నిలబడి ఉన్నప్పుడు. గట్టు దిగుతా ఒక గుంతలో పడితే ఎంతయిద్దో టేపుతో కొలవలేం.

(ఈ ఒక్క లెక్క పలక మీద గీసుకుని చూడమని పాత ట్రాక్టరున్న ప్రతి ఇంటికీ చెప్పాలనిపిస్తుంది. ముందు వేలాడే బరువు ముందు చక్రాలని నొక్కుతుందని అందరికీ తెలుసు. వెనక చక్రాల కిందనుంచి బరువుని దోచుకుపోతుందని చాలామందికి తట్టదు.)

రైతు: వెనక తేలిపోతే టైర్లలో నీళ్లు నింపుతా. దమ్ముకి నింపుతూనే ఉన్నాంగా.

మేస్త్రి: నింపు. వెనక పట్టొచ్చిద్ది. కానీ ఆ నీళ్లు వెనక ఇరుసు మీదే కూర్చుంటాయి. ముందు ఇరుసు మీద పడ్డ 700లో ఒక్క కిలో తగ్గించవు. తగ్గాలంటే బరువు వెనక ఇరుసుకి అవతల వేలాడాలి. కావడి మోసేవాడు రెండో వైపు కుండ కట్టుకున్నట్టు. లిఫ్ట్ చేతులకి రెండొందల లీటర్ల డ్రమ్ము తగిలించి నిండా కాంక్రీటు పోస్తే 500 కిలోలకి దగ్గరొచ్చిద్ది. ఇరుసుకి మీటరు వెనక ఉంటే ముందు నుంచి 250 లేపుద్ది, వెనక 750 కలుపుద్ది. లోడరు ఉన్నన్నాళ్లూ ఆ డ్రమ్ము దిగకూడదు. నీ దొడ్డి సందులో ఆ డ్రమ్ముతో మళ్లగలవా?

రైతు: మళ్లుతా. రాటలు జరుపుకుంటా.

మేస్త్రి: బ్రేకుల సంగతి ఆలోచించావా? మన ట్రాక్టర్లకి ముందు చక్రాలకి బ్రేకుల్లేవు. వెనక రెంటికే. వెనక తేలికపడితే బ్రేకు తొక్కినా చక్రం నేలని పట్టదు, ఆగి జారుద్ది. కాలవ గట్టు మీంచి పొలంలోకి దిగే ర్యాంపు మీద నిండు బకెట్టుతో దిగావనుకో. ముందు బరువు లాగుద్ది, వెనక బ్రేకు పట్టదు. నువ్వు తొక్కేది బ్రేకు కాదప్పుడు, ఉత్త ఇనప ముక్క.

రైతు: నిండు బకెట్టుతో గట్టు దిగను. నాకు కావాల్సింది దొడ్లో దిబ్బ దగ్గర. చదును నేల. బకెట్టుతో పది బారలు నడిస్తే ట్రక్కు.

ఇక్కడ మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. ఈ మాటతో వాదన మలుపు తిరిగిందని నాకనిపించింది. అప్పటిదాకా ఇద్దరూ ‘లోడరు’ అనే ఒక వస్తువు గురించి మాట్లాడుతున్నారు. మేస్త్రి కళ్లముందు ఉన్నది బట్టీలో తడిమట్టి మోసిన లోడరు. రైతు కళ్లముందు ఉన్నది పాక పక్కన మాగిన ఎరువు మోసే లోడరు. రెండూ ఒకే ఇనుమే. బండి మీద పడే భారం మాత్రం ఒకటి కాదు.

మేస్త్రి: బకెట్టు కొలత తెచ్చావా?

రైతు: తెచ్చా. నిండా పోస్తే ఎనిమిది, తొమ్మిది ఘనపుటడుగులు పట్టిద్ది.

మేస్త్రి: అంటే పావు ఘనమీటరు. తడిమట్టయితే 450 కిలోలు. తడి ఇసక అంతే, ఇంకాస్త ఎక్కువ కూడా. మాగిన పేడ ఎరువయితే రెండొందల లోపే.

రైతు: చూశావా! నీ 700 సగానికి దిగింది.

మేస్త్రి: దిగింది. ఒప్పుకుంటా. కానీ బకెట్టుకి నోరు లేదబ్బాయ్, ఇవాళ పేడేగా అని అడగదు. నీ అన్న ఇంటికి పునాది తీస్తాడు, ఒక పూట మట్టి ఎత్తిపెట్టమంటాడు. కాదనగలవా?

రైతు: ఆ సంగతి తర్వాత. ముందు బిగించే పద్ధతి చెప్పు. బట్టీవాడి బండికి దాన్ని ఇంజను పక్కన రెండు ప్లేట్లకి కట్టారు. అట్లాగే కట్టేద్దామా?

మేస్త్రి: అట్లా కట్టినందుకే ఆ బండి ఇప్పుడు తుక్కు కొట్లో ఉంది. ట్రాక్టరుకి లారీకి ఉన్నట్టు చాసిస్ ఉండదు. ముందు ఇరుసు మోసే పోత, ఇంజను, క్లచ్ హౌసింగు, గేర్‌బాక్సు, వెనక ఇరుసు, వీటిని వరసగా బోల్టులతో బిగిస్తే అదే బండి, అదే చాసిస్. అదంతా పోత ఇనుము. పోత ఇనుము నొక్కుడికి తట్టుకుంటది, వంచితే పెటిల్లున పగులుద్ది. లోడరుని ఇంజను పక్కన మాత్రమే కట్టి ముందు బరువు ఎత్తితే ఆ వంపంతా క్లచ్ హౌసింగు దగ్గర పడిద్ది. బోల్టులు వదులవుతాయి, నూనె చెమ్మ కనిపిస్తది, ఒకరోజు బండి నడుం విరుగుద్ది. నడుం విరగటం అంటే నిజంగానే రెండు ముక్కలు. చూశాను నేను.

రైతు: మరి?

మేస్త్రి: ముందు పోత దగ్గర్నుంచి వెనక ఇరుసు గొట్టాల దాకా రెండు వైపులా ఛానెల్ పోవాలి. లోడరు బరువు ఆ ఛానెల్ మీదే కూర్చోవాలి, ఇంజను మీద కాదు. ఉన్న మర బెజ్జాల్లోనే బిగించాలి. పోత ఇనుముకి కొత్త బెజ్జం వేస్తే పగులుకి దారి చూపించినట్టే. హౌసింగు మీద వెల్డింగు మాట ఎత్తొద్దు. వేరే బండి కొలతలకి చేసిన లోడరు కాబట్టి ఆ ఛానెళ్లూ బ్రాకెట్లూ అన్నీ కొత్తగా చెయ్యాల్సిందే. విజయవాడ ఆటోనగర్లో చేస్తారు. నువ్వు లోడరు చవకనుకుంటున్నావు. దాని కింద ఇనుము చవక కాదు.

రైతు: ఎంతయినా కొత్త లోడరు ధరలో సగం దాటదు.

మేస్త్రి: ఇంకా నూనె సంగతికి రాలేదు. నీ సగం అక్కడ మింగుద్ది.

తర్వాత మాటలు కాస్త పొడుగు. మాసీ బండ్లున్నవాళ్లు తొందరపడకుండా చదవాలి. తడిసి మోపెడు ఖర్చయ్యాక తెలిసేది ఇక్కడే.

రైతు: నూనెకేం? లిఫ్ట్ పనిచేస్తోంది. దాన్నుంచి ఒక పైపు తీసి వాల్వుకి ఇస్తే సరి. బట్టీవాడూ అదే చెప్పాడు.

మేస్త్రి: వాడి బండికి ఇంజను మీదే గేర్ పంపు ఉంది. ఇంజను తిరిగినంతసేపూ నూనె తోడుద్ది. నీ మాసీ పంపు అది కాదు. గేర్‌బాక్సు వెనక, నూనెలో మునిగి ఉంటది. నాలుగు పిస్టన్ల పంపు, పీటీఓ షాఫ్టు, అదే వెనక పనిముట్లని తిప్పే షాఫ్టు, దాని మీద తిరుగుద్ది. దాని వాల్వు నూనె పీల్చే వైపు ఉంది. అంటే లిఫ్ట్ లివరు ఎత్తినప్పుడే నూనె పీల్చుకుంటది. లిఫ్ట్ ఊరికే ఉంటే పంపు తిరుగుతున్నా నూనె తోడదు. దున్నుడికి అది చాలా తెలివైన ఏర్పాటు, అనవసరంగా నూనె వేడెక్కదు. లోడరుకి మాత్రం నువ్వు లివరు లాగిన క్షణమే నూనె కావాలి. పైగా నీ బండిది సింగిల్ క్లచ్. క్లచ్ తొక్కగానే పీటీఓ ఆగిద్ది, పంపు ఆగిద్ది. దిబ్బ దగ్గరికి పోయి ఆగటానికి క్లచ్ తొక్కుతావు, అప్పుడే బకెట్టు లేపాలి. లేవదు. గేరు న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి, అప్పుడు లేపాలి. మళ్లీ క్లచ్, మళ్లీ గేరు. పూటకి ఎన్నిసార్లు?

రైతు: కాస్త ఆలస్యం అయిద్ది. గంప కన్నా నయమేగా.

మేస్త్రి: ఆలస్యం కూడా లెక్క కట్టు. ఆ లోడరు ఎత్తుడు జాకీలు 63 మిల్లీమీటర్ల బోరు, 60 సెంటీమీటర్ల స్ట్రోకు అన్నావు. ఒక్కోదానికి రెండు లీటర్లకి కాస్త తక్కువ, రెంటికీ మూడు ముప్పావు లీటర్లు. నీ పంపు నిమిషానికి పదహారు పదిహేడు లీటర్లు ఇచ్చిద్ది, అదీ కొత్తగా ఉన్నప్పుడు. బకెట్టు కిందనుంచి పైకి చేరటానికి పదమూడు పద్నాలుగు సెకన్లు. నీ పంపు అరిగి ఉంటది కాబట్టి ఇంకా ఎక్కువ. ఆ నూనె ఎక్కడిది? గేర్‌బాక్సులోదే. జాకీల్లోకీ పైపుల్లోకీ పోయిన నూనె గేర్లకి తగ్గిద్ది. ఇటుక బట్టీ జాకీల్లో ఉన్న మట్టీ, ఇనప రజనూ తిరిగి నీ గేర్లలోకి, ఆ పిస్టన్లలోకి వచ్చిద్ది. ఆ పంపు విప్పాలంటే లిఫ్ట్ కవరు ఎత్తాలి. అంత పని.

రైతు: అయితే పీటీఓకి బయట నుంచి ఒక గేర్ పంపు తగిలిద్దాం.

మేస్త్రి: పీటీఓ ఎవరు ఆపుతారు? మళ్లీ క్లచ్చే.

రైతు: మరి దారి?

మేస్త్రి: దారుంది. క్రాంక్ పుల్లీ నుంచి ఒక షాఫ్టు రేడియేటరు కిందగా ముందుకి తెచ్చి, అక్కడ గేర్ పంపు పెట్టాలి. తిరుగుడుకి 14 సీసీ పంపయితే చాలు. ఇంజను 1800 తిరుగుతుంటే నిమిషానికి 25 లీటర్లు. పద్నాలుగు సెకన్ల పని తొమ్మిదికి దిగుద్ది. దానికి వేరే నూనె ట్యాంకు, ముప్పై లీటర్లకి తక్కువ కాకుండా, ఫిల్టరుతో. అప్పుడు బట్టీ మట్టి ఆ ట్యాంకు నూనెలోనే ఉంటది, నీ గేర్‌బాక్సు జోలికి రాదు. క్లచ్ తొక్కినా బకెట్టు కదులుద్ది. మాసీకి లోడరు బిగించాలంటే నాకు తెలిసిన సరైన పద్ధతి ఇదొక్కటే. ఇది చెయ్యనంటే నేను పానా పట్టను.

రైతు: ఇదిగో, ఇప్పటిదాకా వద్దన్నవాడివి ఎట్లా చెయ్యాలో చెప్పేస్తున్నావు.

మేస్త్రి: నేను వద్దంటే మానేస్తావా? ఇంకెవడో నీకు ఇంజను పక్కన ప్లేట్లు కొట్టి పంపిస్తాడు. అందుకని చెబుతున్నా.

రైతు: ఒక మాట. లోడరు నడిపే వాల్వులో రిలీఫ్ వాల్వు ఉంటదిగా. దాన్ని తగ్గించి పెట్టు. బరువు ఎక్కువైతే బకెట్టే లేవదు. అన్న పునాది మట్టి కూడా లేవదు. నీ భయం తీరిద్ది.

మేస్త్రి: మంచి మాటన్నావ్. తగ్గించే పెడతా. ఆ రెండు జాకీలూ 150 బార్ల దగ్గర కలిసి తొమ్మిది టన్నుల పైన నెట్టగలవు. చేతులు పొడుగు కాబట్టి బకెట్టు దగ్గర అందులో కొంచమే మిగులుద్ది, అయినా నీ ముందు ఇరుసు మొయ్యలేని బరువుని అవి లేపగలవు. అందుకని తగ్గించాలి. కానీ అది ఎత్తేటప్పుడు మాత్రమే కాపలా. ఎత్తి లివరు వదిలాక వాల్వు మూసుకుంటది, నూనె జాకీల్లో బందీ అయిద్ది. అప్పుడు గుంతలో పడితే ఆ అదురుని రిలీఫ్ వాల్వు చూడదు. నిండు బకెట్టుని జారుగా దించి ఠక్కున ఆపినా అంతే, బరువు రెట్టింపై ఇరుసుని కొట్టిద్ది. ముందు ఇరుసు సెంటరు పిన్ను, బుష్షులు, హబ్ బేరింగులు ముందే మార్చాలి. స్టీరింగు కూడా. మామూలు స్టీరింగుతో ఆ బరువు కింద తిప్పితే రెండో రోజుకి నీ భుజాలు పడిపోతాయి. గంప దించుకుని స్టీరింగు ఎత్తుకున్నట్టు అయిద్ది.

రైతు: పవర్ స్టీరింగు కిట్టు కూడానా!

మేస్త్రి: అదే పంపు నుంచి దానికీ నూనె పంచొచ్చు. ఖర్చు రాసుకో.

రైతు రాసుకున్నాడు. లోడరు ధర కింద ఛానెళ్లు, పంపు, ట్యాంకు, కొత్త హోస్ పైపులు, బుష్షులు, స్టీరింగు, కాంక్రీటు డ్రమ్ము. కింద కూడిక గీత దాటేసరికి లోడరు ధర అందులో చిన్న భాగమైంది. పాత లోడరు కొనేవాళ్లందరూ ఈ కాగితం ముందే రాసుకుంటే బాగుండునని నా కోరిక. బయానా ఇచ్చాక రాసుకున్న కాగితం ఎవరి మనసూ మార్చదు.

మేస్త్రి: ఇంకో దారి చెబుతా విను. ఖర్చు పదో వంతు. వెనక లిఫ్ట్‌కి ఒక పెట్టె బకెట్టు చేయిస్తా. రివర్సులో దిబ్బలోకి పోనిచ్చి లిఫ్ట్ ఎత్తు. ఆ లిఫ్ట్ 1100 కిలోలు ఎత్తటానికే పుట్టింది, బరువు వెనక పెద్ద టైర్ల మీద పడిద్ది, బ్రేకులకి పట్టుంటది. ఫెర్గూసన్ కూడా మెచ్చుకుంటాడు.

రైతు: ఎంత ఎత్తు లేపుద్ది?

మేస్త్రి: మోకాలు దాటి.

రైతు: ట్రక్కు నా ఛాతీ ఎత్తుంది. పెట్టెలోంచి ట్రక్కులోకి ఎవరు పోస్తారు? మళ్లీ గంపే కదా బాబాయ్. నీ పెట్టె పాకలోంచి దిబ్బ దాకా పనికొచ్చిద్ది. దిబ్బ నుంచి ట్రక్కుకి రాదు. మెడలు వంగేది ఆ రెండో మెట్టు దగ్గరే.

మేస్త్రి: దొడ్లో మెరక కట్టు. ట్రక్కు పల్లంలో నిలబెట్టి, మెరక మీంచి వెనక బ్లేడుతో ఎరువు నెట్టేస్తే ట్రక్కులో పడిద్ది. ఎత్తుడే లేదు.

రైతు: మా నేల నీకు తెలియదా? రెండు వానలకి ఆ పల్లంలో మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. ట్రక్కు దిగితే లేవదు.

ఇక్కడ నేను రైతు పక్షం. మెట్ట ఊళ్లలో మేస్త్రి చెప్పిన మెరక చక్కగా పనిచేస్తుంది, ఒక్క రూపాయి నూనె ఖర్చు ఉండదు. కృష్ణా డెల్టా నల్లరేగడిలో, తవ్విన చోటల్లా నీళ్లూరే నేలలో, అది నిలవదు. ఎత్తటం తప్పదు అన్నచోట ఎత్తే యంత్రాన్ని కోరటం గొంతెమ్మ కోరిక కాదు. తరతరాలుగా ఆ ఎత్తుడంతా ఆడవాళ్ల నెత్తి మీదే నడిచింది కాబట్టే దానికో యంత్రం కావాలని ఎవరికీ తోచలేదు. ట్రాక్టరు ఊళ్లోకి వచ్చిన మొదటిరోజు మగవాడి అరక పని తీర్చింది. గంప పని అలాగే మిగిలింది.

మేస్త్రి: సరే. ఆ లోడరు నువ్వు కళ్లతో చూశావా?

రైతు: చూశా. బాగానే ఉంది. రేపు రంగు వేసి ఇస్తానన్నాడు.

మేస్త్రి: రంగు వెయ్యొద్దని ఇప్పుడే ఫోను చెయ్యి! రంగు వేశాక చూడటానికేం ఉంటది? చేతులు మడిచే మూలల దగ్గర, జాకీ పిన్నులు ఉన్న చెవుల దగ్గర పగుళ్లు వస్తాయి. కంటికి కనపడవు. కిరసనాయిలు పూసి, కాసేపుంచి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన చాక్‌పీసు పొడి చల్లాలి. పగులుంటే లోపల దాక్కున్న కిరసనాయిలు పొడిలోకి ఊరి, సన్నటి గీతగా తేలుద్ది. వెల్డింగు మీద వెల్డింగు కనపడితే ఆ చెయ్యి మనకొద్దు. రెండు చేతులూ చదును నేల మీద పెట్టి మూల నుంచి మూలకి టేపు పట్టి చూడాలి. ఆ మూల కొలతకీ ఈ మూల కొలతకీ తేడా ఉంటే మెలిక పడ్డట్టే. మెలిక పడ్డ చేతులు ప్రతిసారీ బండిని ఒక పక్కకి వంచుతాయి. జాకీ కడ్డీ మీద గోరుతో రాయి. గోరు తగిలితే సీలు కోసుకుపోయిద్ది. పిన్నుల్లో ఎంత ఆట ఉందో గడ్డపారతో లేపి చూడు. హోస్ పైపులు మాత్రం ఎంత బాగున్నా పారేస్తా.

రైతు: అవి బాగానే ఉన్నాయిగా...

మేస్త్రి: బకెట్టు పైన ఉండగా ఒక పైపు పగిలితే చేతులు కింద పడతాయి. కింద ఎవరుంటే వాళ్లు పోతారు. మీ అబ్బాయి గేదెల దగ్గర తిరుగుతా ఉంటాడు. ఎత్తిన బకెట్టు కిందకి ఎవరూ పోకూడదు, బండి దిగితే బకెట్టు నేల మీద ఉండాలి. ఇంకోటి. పైపుకి సూదిమొన అంత బెజ్జం పడి నూనె చిమ్ముతుంటే వేలు పెట్టి చూడకు. ఆ ఒత్తిడిలో నూనె చర్మంలోకి దూరుద్ది. పైకి చిన్న చుక్క, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల చెయ్యి కుళ్లిపోయిద్ది. గంటల్లో ఆపరేషనుకి పోవాలి. అట్టముక్క పెట్టి చూడాలి, వేలు కాదు. మా షాపులో కుర్రాడొకడి వేలు అట్లాగే పోయింది.

రైతు కాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత కాగితాల సంగతి అడిగాడు. దీనికి మేస్త్రి దగ్గర పూర్తి జవాబు లేదు, నేను కలుపుతున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటని గట్టిగా చెప్పింది. దొడ్లో తిరిగినంతకాలం ఎవరూ అడగకపోవచ్చు. రోడ్డెక్కి ఏదైనా జరిగిననాడు ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఇదే. రవాణా ఆఫీసులోనూ ఇన్సూరెన్సు కంపెనీలోనూ ముందే రాతపూర్వకంగా అడిగి, బదులు కూడా కాగితం మీదే తీసుకోవాలి.

రైతు: లోడరు తీసి మళ్లీ తగిలించేట్టు చేస్తావా? దుక్కికీ దమ్ముకీ పోయేటప్పుడు ఆ ఇనుమంతా మోసుకుపోవటం ఎందుకు?

మేస్త్రి: చేస్తా. నాలుగు పిన్నులు, నాలుగు హోస్ కప్లింగులు. లోడరు విప్పి దాని కాళ్ల మీద నిలబెట్టేట్టు రెండు స్టాండ్లు. రోడ్డెక్కితే లోడరు ఇంట్లో ఉండాలి, అది నా షరతు. రెండో షరతు చెబుతా, కోప్పడకు.

రైతు: చెప్పు.

మేస్త్రి: ఆ బకెట్టు నీకివ్వను. దాన్ని కోసి పళ్లు పెడతా. వేళ్లంత ఇనప కడ్డీలు, ఆరంగుళాలకొకటి. మాగిన ఎరువు గడ్డితో కలిసి ముద్దగా ఉంటది, పళ్ల మీద నిలుస్తది. గడ్డి మోపులు నిలుస్తాయి. ఇసక నిలవదు, మట్టి నిలవదు, కారిపోతాయి. మీ అన్న అడిగినా, సర్పంచి అడిగినా ఎత్తలేవు. నీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. ఊళ్లో ఉండేవాడు కాదనలేడు, అందుకని.

రైతు: ఎండు ఎరువు పొడిపొడిగా ఉంటది బాబాయ్. దిబ్బ అడుగున అంతా పొడే. అదీ కారిపోయిద్ది నీ పళ్లలోంచి. సగం దిబ్బ నేల మీదే మిగిలితే నాకెందుకీ ఖర్చు?

మేస్త్రి: నాలుగంగుళాలకి పెడతా.

రైతు: కింద రేకు వెయ్యి. పళ్ల మీద పల్చటి రేకు, విప్పేట్టు. ఎరువు పొడికి రేకు, గడ్డికి పళ్లు.

మేస్త్రి: రేకు వేస్తే అది మళ్లీ బకెట్టే కదా.

రైతు: బకెట్టే. వెడల్పు తగ్గించు. ఇప్పుడున్నదాంట్లో సగం చెయ్యి. నిండా తడిమట్టి పోసినా 225 కిలోలు దాటదు. నీ లెక్కే ఇది. పళ్లు పెట్టి నా చేతులు కట్టెయ్యటం కన్నా కొలత తగ్గించటం మేలు కదా?

మేస్త్రి చాలాసేపు లెక్క వేశాడు. సగం బకెట్టు, డ్రమ్ము వెనక, రిలీఫ్ వాల్వు తగ్గించి. కొన్ని అంకెలు కొట్టేశాడు, మళ్లీ రాశాడు.

మేస్త్రి: వెడల్పు సగం చేస్తే ముందు టైర్ల కన్నా లోపలికి పోయిద్ది బకెట్టు. దిబ్బలోకి నెట్టేటప్పుడు టైర్లు దిబ్బ ఎక్కుతాయి. వెడల్పు ఉంచి లోతు తగ్గించాలి. పల్చటి బకెట్టు.

రైతు: అట్లాగే చెయ్యి.

మేస్త్రి: ముందు ఆ చేతుల్లో పగుళ్లు లేవని తేలాలి. తేలకపోతే ఈ మాటలన్నీ ఇక్కడితో సరి. రేపు పొద్దున వస్తా. కిరసనాయిలు నేను తెస్తా, చాక్‌పీసులు మీ వాడి బడి సంచిలో ఉంటాయి, నాలుగు పట్టుకురా. బయానా మాత్రం ఇవ్వకు.

రైతు: ఐదొందలు ఇచ్చా.

మేస్త్రి: ఐదొందలే కదా, పోతే పోనీ. రంగు వెయ్యొద్దని ఫోను చేశావా?